ఇల్లుబండి తూము

కాదమ్మా డాక్టరమ్మా, నేను మొదట్నుంచీ చెప్తానే ఉండా గదా! రేకుడబ్బాలు అతికే మనిషిని తెచ్చి బండి పైకప్పు ఎక్కిస్తే ఇట్ల కాక ఇంకెట్లయితాది? డబ్బాల సంగతి వేరు, నీళ్ల సంగతి వేరు. ఈ మాట నేను అన్నానా, లేదా? మీరే చెప్పండి.

రాయండి, రాయండి. రాసుకుంటానే వినండి. సుంకప్పను ఈ పొద్దుటితో మానిపిస్తిరని మీ డ్రైవరు తిప్పేస్వామి చెప్పినాడు. విన్నపాటున వచ్చేసినా. చూడండి, చెప్పులు కూడా వేసుకోలేదు. వాడు సామాన్ల పెట్టె నెత్తిన పెట్టుకుని బస్సు కాడికి పోతాండాడంట. కళ్యాణదుర్గం బస్సు ఇంకో గంటకు గానీ రాదులెండి. అది ఎప్పుడు టైముకొచ్చింది?

మంచిపని చేసినారు అనేదానికే వచ్చినా. అదే. ఆ మాట చెప్పేదానికే.

కూర్చోమంటారా? యాడ కూర్చునేది? ఇది సుంకప్ప పీట. వద్దులెండి, నిలబడతా. ముప్పై ఏండ్లు చెరువు కట్టల మీద నిలబడిన కాళ్లే ఇవి.

మూడేండ్ల కిందట ఈ ఇల్లుబండి వచ్చి బెళుగుప్ప బంగళా ముందర నిలిచిన దినం మీకు జ్ఞాపకముందా? యుద్ధం నాటి మిలిటరీ వ్యాను. లోపల మంచం, స్టవ్వు, మందుల బీరువా, వంట సామాను. ఊరు ఊరంతా వచ్చి చూసిందమ్మా. కదిరమ్మ అయితే, "ఏమప్పా, ఈ యమ్మ ఇంటిని తోలుకోని తిరుగుతాదే!" అని నోరు తెరిచేసింది. ఆ గుంపులో మీతో ఇంగ్లీషులో మాట్లాడినోణ్ణి నేనొక్కణ్ణే.

ఆ దినం నుంచి సాయంత్రమైతే మీరే పిలిచేవాళ్లు. "ఓవర్సీరుగారూ, రండి, కాఫీ తాగుదాం. మీ మద్రాసు కాలేజీ ముచ్చట చెప్పండి" అని. ఆ ముచ్చట నా ఇంటిది నలభై ఏండ్లలో ఒక్కసారి అడగలేదమ్మా. ఒక్కసారి! ఎప్పుడైనా మొదలుపెడితే, "చాల్లే, కొర్రలు దంచాల" అని లేచిపోతాది. మీరు మటుకు వినేవాళ్లు. ప్రిన్సిపాలు దొర గుర్రం మీద నుంచి పడిన సంగతి మీకు రెండుసార్లు చెప్పినా. రెండుసార్లూ విన్నారు.

ఏమంటాంటి? ఆ, పైకప్పు.

దాని రోగం నాకు ముందే తెలుసు. బండి పక్కన నీడకు టెంటుగుడ్డ కట్టినారు గదా, యాడో షెడ్డులో. ఆ మహానుభావులు ఏం చేసినారు? పైకప్పు అంచున వాననీళ్లు పారేదానికి సన్నగా రేకు కాలువ ఉంటాది, సరిగ్గా ఆ కాలువలోనే బోల్టులు దించినారు. నీళ్లు పారల్లంటే బోల్టులు అడ్డం. ఆగిన నీళ్లు బోల్టు బెజ్జాల్లో దిగి, గోడ లోపల్నుంచి మీ మందుల బీరువాలోకి. గాలి వీస్తే గుడ్డ ఎగురుతాది, గుడ్డ ఎగిరితే బోల్టు ఊగుతాది, బోల్టు ఊగితే బెజ్జం పెద్దదైతాది. ఈ సీమలో ఏడాదికి నాలుగు వానలు. ఆ నాలుగింటికే మీ దూది మూటలు తడిసి ముద్దయిపోయె!

మీరు నన్నే అడిగినారు. "మీరు చెరువులు కట్టించినారు గదా, దీనికొక దావ చెప్పండి" అని. మూడు దినాలు కూర్చున్నానమ్మా. కండ్లజోడు మీద ఇంకో కండ్లజోడు పెట్టుకోని గీసినా. కాలువకు ఎంత వాలు, గుడ్డకు ఎంత వాలు, గుంజలు ఎంత ఎత్తు, అన్నీ. గుడ్డ బయటికి వాలల్ల, నీళ్లు బండికి దూరంగా పడి పారిపోవల్ల. కాకినాడలో పనిచేసినప్పుడు అట్లే కట్టినాము మేము. ఆడ వానంటే ఆకాశం చినిగినట్లే గదా!

ఆ కాగితం మీ చేతిలో పెడతాంటే వచ్చినాడు సుంకప్ప. బీడీ చెవిలో పెట్టుకోని, కాగితాన్ని తలకిందులుగా పట్టుకోని చూసినాడు. చూసి ఏమన్నాడు?

"ఏమప్పా సారూ, నీళ్లను పారబోసేదానికి కూడా బొమ్మ గీయల్లనా?"

మీరు నవ్వినారు.

నవ్వినారమ్మా. లేదనొద్దండి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోని నవ్వినారు.

నీళ్లను పారబోయకుండా పట్టుకుందామని వాడు చెప్పిందాంట్లో ఏముండాది, గొప్ప? ఈడ ప్రతి కొంపలో చేసేదే. వాన మొదలైతే నాలుగు కట్టెలకు పంచె కట్టి, నడుమ గుండ్రాయి పెట్టి, కింద కడవ పెడతారు. ఈ సీమలో వాన పడితే దాన్ని దూరంగా తోలేసేవాడు యాడన్నా ఉంటాడా? నేను మటుకు తోలేసినా, కాగితం మీద. ఈ మట్టిలోనే పుట్టినోణ్ణి నేను, కాకినాడ పద్ధతి గీసినా. చదువుకున్నోని తప్పంటే అదే.

వాడు పని చేసేది దూరం నుంచి చూసినా. బోల్టులన్నీ ఊడబీకినాడు. బెజ్జాలకు సీసం పోసి మూసినాడు. కాలువ జోలికి పోకుండా, దానికి జానెడు కింద, బండి ఎముకలున్న చోట ఇనుపపట్టీ బిగించి, ఆ పట్టీకి గుడ్డ తగిలించినాడు. కాలువను వెనకవైపుకు రవంత వంచి, కొసన తూము పెట్టి, తూముకు గొట్టం పెట్టి, గొట్టం కింద పీపా పెట్టినాడు. బాగుండాదమ్మా. ఏం దాచేది? ముప్పై ఏండ్లలో పదకొండు చెరువులకు తూములు పెట్టించినా, అంత పొందికగా ఒక్కటీ కుదర్లేదు. వాటిలో నాలుగు చెరువులు నిండింది నేను చూడనే లేదు. వాని పీపా ఒక్క జల్లుకే నిండె!

హనుమక్క కడవ తెచ్చుకోని ముంచుకుంటా, "మా సుంకప్ప వానను బండికి కట్టేసినాడు" అనె. మీరేమో, "సుంకప్పా, నువ్వు ఇంజనీరువయ్యా" అంటిరి.

ఇంజనీరు!

నన్నెవరైనా అన్నారా ఆ మాట? ఓవర్సీరు. రిటైరైన దినం పూలదండ వేసి కూడా ఓవర్సీరే అన్నారు. వానికి ఒక్క పీపాకే ఇచ్చేసినారు.

ఆ తర్వాత ప్రతి సాయంత్రం ఈ పీట మీద వాడు. "సుంకప్పా, తలుపు కిర్రుమంటాంది. సుంకప్పా, స్టవ్వు పొగ చూరుతాంది." వాడు తన గాడిద సంగతి చెప్పినాడు ఒకనాడు. కండ్లలో నీళ్లొచ్చేటట్లు నవ్వినారు మీరు. నా ముచ్చటకు తల ఊపేవాళ్లు. తల ఊపేదానికీ నవ్వేదానికీ తేడా నాకు తెలీదా? అరవై తొమ్మిదేండ్లొచ్చినాయి నాకు. ఈ వయసులో ఇదేం కడుపుమంట అనుకుంటారు. నేనూ అదే అనుకున్నా. మంట వయసు చూసుకోని వస్తాదా?

సోమవారం సంగతి మీకు నేను చెప్పల్లనా? హస్త కార్తెలో అంత వాన ఈ పదేండ్లలో లేదు. కాలువ నిండింది. తూములో దిగాల్సిన నీళ్లు దిగక గుడ్డ మీదికి పొర్లినాయి. గుడ్డ సూడి ఆవు పొట్ట మాదిరి కిందికి దిగింది. పట్టీ మటుకు కదల్లేదు, అది చూసినారా? వాని పట్టీ కదల్లేదు. గుంజ జారింది. కింద పడుకున్నది తిరుపాలమ్మ. కంట్లో పొర తీసి మూడో దినం, కట్టు కట్టిన కన్ను. నీళ్లన్నీ ఆమె మొగం మీద.

మీరు పరుగెత్తినారు. నేనూ పరుగెత్తినా. "కట్టు తడిసింది, చీము పడితే కన్ను పోతాది" అని మీరు అంటిరి. నాలుగు దినాలు నేను తిన్నది లేదమ్మా. నా ఇంటిది అజీర్తి అనుకోని వాము నీళ్లు తాపింది.

ఈ పొద్దున కట్టు విప్పినారు. కిటికీ అవతల నిలబడినా నేను. తిరుపాలమ్మ మిమ్మల్ని ఎగాదిగా చూసి, "అయ్యో, ఇంత చిన్నపిల్లవా? ముందే చూసింటే నీ చేతికి నా కన్ను ఇచ్చేదాన్ని కాదే!" అనె. అందరూ నవ్విరి. నేను ఆ నిమిషమే ఇంటికి పోయి సంగటి పెట్టమన్నా.

ఆ గలాటాలోనే గదా మీరు సుంకప్పను అడిగింది, తూము ఎందుకు పారలేదని?

వాడేమన్నాడు? "ఆకులు చేరినాయమ్మా. పైకెక్కి చూసుకోలేదు, తప్పు నాదే" అన్నాడంట. పనిమీద ఇంత ధ్యాస లేనోడు వద్దని మీరు మానిపించినారు.

ఆకులు!

డాక్టరమ్మా, కలం కింద పెట్టి ఒక్కసారి బయటికి చూడండి. బంగళా చుట్టూ యాడన్నా చెట్టుండాదా? తుమ్మమొక్కన్నా ఉండాదా? ఈ బయల్లో ఆకు యాడ నుంచొచ్చి తూములో పడతాది?

సోమవారం వాన నిలిచినాక సుంకప్ప నిచ్చెనేసుకోని పైకెక్కినాడు. నేను కింద నిలబడినా. తూములో వేలు పెట్టి బయటికి లాగినాడు. జనపనార. తారు పట్టించి, మెలిపెట్టి, బిగించి కుక్కింది. చెరువు తూము కారతాంటే అట్ల కుక్కుతారు. ఈ తాలూకాలో ఆ మెలిక తిప్పేది నేనొక్కణ్ణే. సుంకప్ప నాయన ఓబన్న నా కింద కూలి చేసినోడు. ఆ నార నేను తిప్పతాంటే సుంకప్ప చిన్నప్పుడు కట్ట మీద కూర్చోని చూసినాడు.

వాడు నారను చూసినాడు. కింద నన్ను చూసినాడు. దాన్ని మొలలో దోపుకోని నిచ్చెన దిగినాడు. 

ఆ. నేనే.

ఆదివారం మధ్యాహ్నం, మీరంతా నిద్రపోతాంటే. ఒక వాన పడల్ల, వాని పీపా ఎండిపోవల్ల, మీ బీరువా కొంచెం తడవల్ల, అంతే అనుకున్నా. మీరు మళ్లీ నన్ను పిలిచి కాగితం అడుగుతారని అనుకున్నా. తిరుపాలమ్మను అక్కడ పడుకోబెడతారని నాకు తెలీదు. ఆ పాపం నాదే, కాదనను.

అట్ల చూడొద్దండి. తిట్టండి, తిట్టించుకునేదానికి తయారుగా వచ్చినా. కానీ ఒక్కటి మటుకు పొరపాటు పడొద్దు. ముసలాయనకు మనసు కరిగింది, పేదవాని పొట్ట కొట్టలేక నిజం చెప్పినాడు అనుకుంటారేమో. కాదమ్మా. అంత మంచితనం నాలో యాడుండాది?

నా తప్పు వాడు నెత్తినేసుకోని పోతాండాడు. నా పరువు కాపాడతాండాడంట, నా కింద పనిచేసిన కూలోని కొడుకు! ఏదో ఒకనాటికి మీకు తెలియకుండా ఉంటాదా? తెలిస్తే, వాడు మీ కండ్లకు ఇంకెంత ఎత్తుకు పోతాడు? ఆ పేరు కూడా వానికే పోవల్లనా? ఆ ఒక్కదానికే పరుగెత్తుకోని వచ్చినా. నిజం చెప్పినాడన్న పేరన్నా నాకు మిగలనీ అని.

లేస్తాండారా? వానికోసమా?

పోండి. బస్సు రాలేదులే ఇంకా. వాడు తిరిగొస్తాడు, పిలిస్తే వచ్చే రకమే. వచ్చి నన్ను చూసి, ఏమీ ఎరగనట్లు, "ఏమప్పా సారూ, నిలబడినావే, ఈ పీట మీద కూర్చోరాదా" అంటాడు.

అంటాడమ్మా. నేను కూర్చోవల్ల.