తొమ్మిదేళ్ళకి పట్టిన ఎలుకలు

ఇది మూడోసారండీ మీరు అడగడం. విషం ఏమైనా పెట్టారా, విషం ఏమైనా పెట్టారా అని. లేదంటే నమ్మరేం? పుస్తకాలకి అట్టలు కట్టుకుని బతికేవాణ్ణి డాక్టరమ్మా, నాకు విషాలతో ఏం పని?

పిల్లి చిగుళ్ళలోంచి రక్తం కారుతున్నది నిజమే. పొద్దున గిన్నెలో పాలు గులాబీ రంగుకి తిరిగితే చూశాను. పొట్ట మీద ఆ నల్లమచ్చలు మాత్రం మీరు బొచ్చు పాయతీసి చూపించేదాకా నాకు తెలీదు. రెండ్రోజులుగా లేవట్లేదంటే పడుకుందిలే అనుకున్నాను. పడుకోవడం దానికి కొత్తా? ఇవాళ కూడా అది పడుకున్న బుట్టతోనే తెచ్చేశాను.

పురుగులై ఉంటాయండీ. ఆ గోడ మీద మీరే రాసి పెట్టారుగా, ఇందాక బయట బల్ల మీద కూర్చుని చదివాను. ఎలుకల్ని తినే పిల్లులకి కడుపులో పురుగులు పడతాయి, జ్వరాలొస్తాయి, ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళు అది దొడ్డికెళ్ళే మట్టిపెట్టె ముట్టుకోకూడదు. మా ఇంట్లో ఆ భయం లేదు, మా ఆవిడకి యాభై ఎనిమిది. కాబట్టి పురుగులే. ఏదో మాత్ర రాసిచ్చారంటే తీసుకెళ్తాను.

ఆఖరి వరుసా? ఎలుకల మందు గురించా? అది చదవలేదండీ. అక్షరాలు మరీ చిన్నవి, కళ్ళజోడు... ఆఁ, ముక్కు మీదే ఉంది.

అసలు ఈ పిల్లి నాది కాదు, మా ఆవిడది. దొరసాని అని పేరు పెట్టింది కూడా ఆవిడే. పేరుకి తగ్గట్టే ఉంటుంది లెండి. తొమ్మిదేళ్ళలో ఒక్క ఎలుకని పట్టిన పాపాన పోలేదు. ఎలుక ముందునుంచి వెళ్తుంటే కాళ్ళు ముడుచుకుని దారిస్తుంది. నా కళ్ళారా చూశాను.

మాకేమో ఎలుకలే జీవితం. ముందుగదిలో నా పని, వెనక రెండు గదుల్లో కాపురం. మైదా జిగురుతో కడతాం కదండీ పుస్తకాలు, ఆ వాసనకి వీధిలో ఎలుకలన్నీ మా ఇంటికే. పోయిన నెల బడి లైబ్రరీ పుస్తకాలు నలభై కట్టి ఆరబెడితే, తెల్లారేసరికి పదకొండింటికి కుట్టు దగ్గరి వెన్నులు కొరికేశాయి. జిగురంతా నాకేసి పుస్తకాన్ని మాత్రం వదిలేశాయి. వాటికి చదువు అక్కర్లేదు.

నాకు ఒళ్ళు మండింది. నీ దొరసాని దండగ, దాన్నెవరికైనా ఇచ్చేసి మందు పెడదామన్నాను. ఆవిడ ఏమందో తెలుసా? "అది మీలాంటిదే, మెల్లగా నేర్చుకుంటుంది" అంది. ఇంకెవరైనా నవ్వేవాళ్ళు. నేను నవ్వలేదు. మాటకి మాట పెరిగింది. చివరికి నా చేత చేతిలో చెయ్యి వేయించుకుని, ఇంట్లో మందు పెట్టనని మాట తీసుకుంది. ఆ మర్నాడే వాళ్ళ అక్కకి ఆపరేషనని వెళ్ళింది. పదమూడు రోజులైంది. రోజూ ఫోన్ చేసేది. గ్యాస్ కట్టేశారా, పాలు కాచారా. అంతే. ఇంకో మాట లేదు.

ఇవాళ సాయంత్రం బస్సుకి వస్తోంది.

సరే అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నాను, ఇంట్లో పెట్టలేదు. ముందుగది దుకాణం. దుకాణాన్ని ఇల్లంటారా? అలా చూడకండి. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టుందని నాకూ తెలుసు.

పిల్లి తినేలా పెట్టలేదండీ! అంత బుద్ధిలేనివాణ్ణి కాదు. ఎలుకల మందు బిళ్ళలు మెత్తగా నూరి జిగురులో కలిపాను. పాత రిజిస్టర్ల వెన్నులకి దట్టంగా పూసి గోడవారగా పేర్చాను. పిల్లి జిగురు తినదు. ఎలుక తింటుంది. ముప్పైరెండేళ్ళ పనితనం, ఎక్కడా పొల్లు లేదనుకున్నాను. ఎలుకని పిల్లి తింటుందన్నది నాకు తట్టలేదు. ఈ పిల్లిని చూసినవాళ్ళెవరికీ తట్టదు.

మంగళవారం మూడు పట్టింది. బుధవారం నాలుగు.

తెచ్చి నా కుర్చీ పక్కన వరసగా పెట్టింది. తోక నిలబెట్టి చుట్టూ తిరిగింది. తర్వాత అక్కడే కూర్చుని ఒక్కొక్కటీ తినేసింది. నాకు నిజంగా గర్వం కలిగింది, నవ్వకండి. ఆవిడకి ఫోన్ చేసి, నీ కూతురు వేట మొదలెట్టిందే అన్నాను. నమ్మలేదు. ఫోటో పెట్టమంది.

ఆ ఫోటో దగ్గరే నాకు తెలిసిపోయింది డాక్టరమ్మా.

నాలుగో ఎలుక గోడవార నుంచి నడుచుకుంటూ వచ్చింది. ఎలుక నడవదు, పరిగెడుతుంది. ఇది తాగినవాడిలా తూలుతూ, వెలుతురు ఉందన్న భయం కూడా లేకుండా గది మధ్యకి వచ్చి ఆగింది. దొరసాని దాన్ని పట్టడం ఏమిటి, వెళ్ళి తీసుకుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. అక్కడ ప్రాణసంకటం రెండింటికీ. చెలగాటం నాది.

తీసేయొచ్చు. దాని నోట్లోంచి లాగి పారేయడానికి ఎంతసేపు? చెయ్యి అక్కడిదాకా వెళ్ళింది కూడా. వెళ్ళి... పిల్లిని ఎత్తి పట్టుకుని, మొహం వెలుతురులోకి తిప్పి, రెండో చేత్తో ఫోటో తీశాను. ఎలుక నోట్లో ఉంటేనే కదా ఫోటో.

పంపిన నిమిషానికి ఫోన్ వచ్చింది. ఆవిడ నవ్వుతోంది. పక్కన వాళ్ళ అక్కకి చూపిస్తూ, నేను చెప్పలేదూ, నేను చెప్పలేదూ అంటోంది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. భోంచేశారా అని అడిగింది. నేను భోంచేశానో లేదో ఆవిడకి గుర్తొచ్చింది. ఇటు చూస్తే దొరసాని తినడం అయిపోయి మూతి తుడుచుకుంటోంది. ఒక్క ఎలుకకి ఏమవుతుందిలే అనుకున్నాను. మొత్తం ఏడు తిందని తెలుసు. ఒకటే అనుకున్నాను.

ఏ మందో తెలిస్తేనే విరుగుడు ఇవ్వగలమంటారా? తెలీకుండా సూది వేస్తే?

జేబు చూస్తున్నారేంటి? ఓహో, నేనే తడుముకుంటున్నానా. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడట.

ఇదిగోండి అట్టపెట్టె. మా వృత్తిలో అట్టముక్క పారేసే అలవాటు లేదు. మడతపెట్టి జేబులో వేసుకునే వచ్చాను పొద్దున. ముందే ఇవ్వొచ్చు. మూడుసార్లు అడిగారు మీరు. ఎర్ర అక్షరాల్లో ఉంది చూడండి మందు పేరు. అది మాత్రం చిన్న అక్షరాలు కాదు.

బతుకుతుందా? సాయంత్రందాకా చెప్పలేమా. సాయంత్రం ఆవిడే వస్తుంది. చెప్తాను. ఆ ఫోటో ఆవిడ ఫోన్ తెర మీద పెట్టుకుందట, నిన్న చెప్పింది. ఎవరికి ఫోన్ చేసినా ముందు అదే కనిపిస్తుంది.

పట్టుకోమంటారా? కదలకుండానా? పట్టుకుంటాను. ఇలాగేనా?

తేలిగ్గా ఉంది. తొమ్మిదేళ్ళలో దీన్ని ఎత్తుకోవడం ఇది రెండోసారండీ నేను. మొదటిసారి బుధవారం, ఫోటో కోసం.