గుమ్మపాల సీసా

"మీరే! మీ కాలేజీయే, మీ డాక్టర్లే! మా ఇంటి బిడ్డల్ని ఇద్దర్ని పొట్టన ఎట్టుకున్నారు. పుట్టకముందే ఎట్టుకున్నారు!"

విశ్వకర్మ పూజ ఇంకా మూడు రోజులుందనగా, సాయంకాలం పాలు పితికే వేళ, న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్ల వెనక రేకుల శాలలో అప్పలకొండ పాలసీసాకి మూత బిగిస్తూ అన్న మాట అది. పడింది పశువుల డాక్టరు మైథిలి మీద. తెలుగు బడి మేష్టారు కామేశంగారి కూతురు ఆవిడ. ఈ శాల పాలతోనే పెరిగింది. నెలలు నిండకుండా ఆవులు ఎందుకు ఈసుకుపోతాయో, చూడి ఎందుకు నిలబడదో, ఇప్పుడు పశువైద్య కాలేజీలో ఆమె చేసే పరిశోధన అదే.

"అత్తా, కొంచెం నెమ్మదిగా..."

"నెమ్మదేటి! ఒరే సమూయేలూ, ఆటో మీద కూకుని ఏటి సూస్తన్నావు? ఇదిగో సీసా. ఒల్లో ఎట్టుకో, సీటు మీద ఎట్టకు, దొర్లిపోద్ది. సవారీలెక్కితే ఎక్కించుకో గానీ సీసా మాత్తరం బేగి సేరిపోవాల. ఊఁ, ఎల్లు!"

"ఈ వేళప్పుడు పాలు ఎవరికత్తా?"

"ఎవలికో. నీకెందుకు? నానడిగిందానికి సెప్పు. కమ్యూనిటీ హాల్లో గోడకి అట్ట అంటించింది నువ్వే కాదా?"

"నేనే. పాడి పెట్టుకున్నవాళ్ళకి మీటింగ్ అని కాలేజీ నుంచి..."

"ఆ అట్ట మీద బొమ్మ ఎవలిది?"

"ఆవుది."

"ఎవల ఆవుది?"

"పదిహేడో నెంబరు."

"ఒలమ్మ, పదిహేడంట! ఎడం కొమ్ము ఇరిగి కిందికేలాడే ఆవు ఈ సెటిల్‌మెంట్ మొత్తానికి ఒక్కటే ఉన్నాది. అదుగో, నీ ఎనకాలే నెమరేస్తన్నాది. లచ్చిమి దాని పేరు. దీని అమ్మ పాలు తాగి నడక నేర్సినావు నువ్వు. అప్పుడు నీకు నానేటి నెంబరెట్టినాను?"

"అది నియమం అత్తా. సొంతదారు పేరు బయట పెట్టకూడదు."

"ఎట్టకు. సొంతదారుకి సెప్పకూడదని కూడా ఉన్నాదేటి నీ నియమంలో? బొమ్మ కింద ఎర్రక్షరాలున్నాయి. నాకు సదువు రాదు. పక్క క్వార్టర్ శ్రావణి, టికెట్ కౌంటర్లో సేస్తది, ఆ పిల్లనడిగినాను. అందరి ముందరా సదివీసినాది. ఈసుడు రోగమంట, నిరుడే తేలినాదంట, మనుషులకీ అంటుద్దంట, కడుపులు నిలవవంట. అందరూ నాకేసే సూసినారు. అయ్యి కళ్ళు కావు, మేకులు."

"తప్పే."

"నెత్తురు తీసిన దినం లచ్చిమి మెడ పట్టుకుంది ఎవలు? నాను. 'రిపోర్టు రాగానే నేనే వస్తానత్తా' అన్నది ఎవలు?"

"నేనే. వచ్చేను కూడా."

"ఏటి?"

"వచ్చేను. నిరుడు కాళీపూజకి ముందు. కాయితం తెచ్చేను. మీరు పలాస వెళ్ళేరు, మీ అన్నగారి పన్నెండో రోజుకి."

"అయితే కాయితం ఎవలికిచ్చినావు?"

"ఇంట్లో ఇచ్చేను."

"ఇంట్లో అంటే గోడకా, దూలానికా?"

"ఇచ్చేనత్తా. రిజిస్టర్లో టిక్కు పెట్టేను, సొంతదారుకు తెలియపరచడమైనది అని. టిక్కు పెట్టేక నా పని అయిపోయిందనుకున్నాను. మళ్ళీ ఈ వీధి మొహం చూడలేదు. చూస్తే మీరేమైనా అడుగుతారేమోనని చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని. పెయ్యకి టీకా వేయించమని ఆ కాయితంలోనే రాసేను. నాలుగో నెలకీ ఎనిమిదో నెలకీ మధ్య ఒక్కసారే వేస్తారు. మీ పెయ్యకి ఆ వయసు దాటిపోయింది. తెలిసీ రాలేదు."

"ఎందుకు రానేదు?"

"మీకే చెబుతానని మాటిచ్చి, కాయితం ఇచ్చి వచ్చేసేనని సిగ్గేసి."

"ఇప్పుడేటి, అట్టలో నా ఆవు బొమ్మ ఏసినప్పుడు ఎయ్యనేదా?"

"వేసింది. అందుకే మీరు పిలవగానే వచ్చేను."

"కాయితం ఎవలికిచ్చినావో అది సెప్పమ్మా ముందు."

"నాకిచ్చినారమ్మా."

సైకిలు గోడకి చేరేసి, వర్క్‌షాప్ నూనె చేతులు అలాగే ఉంచుకుని, శాల గుమ్మంలో నిలబడ్డాడు అప్పలకొండ కొడుకు గిరిబాబు.

"నీకా?"

"నాకే. మేడమ్‌ని ఏటీ అనకు. అమ్మకి నాను సెప్తాను, మీరెల్లండి అని నానే పంపించినాను."

"ఏడాది అయినాది. ఎప్పుడు సెప్పినావురా?"

"సెప్పనేదు."

"సెప్పనేదని నాకూ తెలుసు. ఎందుకు సెప్పనేదు?"

"అమ్మా, లోపలికి పద. ఇక్కడ కాదు."

"ఇక్కడే. లచ్చిమి ముందే సెప్పు. దాని రోగమే కదా."

"గిరిబాబుగారూ, నేను వెళ్ళనా?"

"ఉండండి మేడమ్. కాయితం రాసింది మీరే కదా. అందులో మూడో లైను మీకు గుర్తుందా?"

"ఉంది."

"ఏటుంది మూడో లైన్లో? ఇద్దరూ అలగ నేల సూస్తారేటి?"

"మగాళ్ళకి కూడా వస్తాదని ఉందమ్మా. జొరం వచ్చి తగ్గి, తగ్గి వస్తాదని. కీళ్ళు లాగుతాయని. ఇంకా..."

"ఇంకా?"

"కింద వాస్తాదని."

"కిందంటే?"

"అమ్మా!"

"ఓ."

"అప్పటికి పది రోజులై నాకు అదే. పేంటు తొడగలేకపోయినాను. వర్క్‌షాపులో హెర్నియా అని అబద్దమాడి సెలవెట్టినాను. ఆ కాయితం సదివినాక నాదీ అదేనని తెలిసినాది. పశువుల రోగం తగిలినోడని షాపులో తెలిస్తే ఇంకేటుంది? సచ్చేదాకా అదే పేరెట్టి పిలుస్తారు. కాయితం మడిసి జేబులో ఎట్టుకుని, ఇందా పేటలో బెంగాలీ డాక్టర్‌బాబు దగ్గరికి ఎల్లినాను. షాపోలు ఎవలూ అటు రారని."

"ఆయనేటన్నాడు?"

"ఆరు వారాలు మందు మింగమన్నాడు. 'తోమార్ బౌకేఓ నియే ఎషో' అన్నాడు. నీ పెళ్ళాన్ని కూడా తీసుకురా అని."

"తీసుకెల్లినావా?"

"మందు తెచ్చుకున్నానమ్మా."

"గిరీ, తీసుకెల్లినావా?"

"నాను మింగినాను. నాకు తగ్గిపోయినాది."

"నీకు తగ్గిపోయినాది! ఇన్నావా మైథిలమ్మా? ఈడికి తగ్గిపోయినాది. మరి దానికో? మీనాకో?"

"తీసికెల్తే ఎందుకని అడుగుద్ది కదా. ఏటి సెప్పాల? సిగ్గుతో నోరు రానేదమ్మా."

"రెండో కడుపు హోలీకి పోయినాది. నాలుగో నెల. నీ జేబులో కాయితముండగా పోయినాది."

"అవును."

"రైలాసుపత్రిలో దాని మంచం పక్కన నువ్వు కూకున్నావు. అప్పుడు దాని కడుపుదే దోసమని నానన్నది ఇన్నావా?"

"ఇన్నాను."

"ఇని ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను."

"అత్తా, ఒక్క మాట అడుగుతాను. నిరుడు లక్ష్మి ఈసుకుపోయినప్పుడు మావి ఎవరు తీసేరు?"

"ఎవలో తీసినారు."

"ఎవరు?"

"సేతులున్నోలు తీసినారు. పశువులున్న ఇల్లమ్మా ఇది, ఎవలో ఒకలు తియ్యరా?"

"అత్తా."

"మీనా తీసినాది. ఆ దినం నా నడుం పట్టేసినాది. సచ్చిన దూడని గోనెలో ఎట్టి, మావి ఎత్తి, నేల కడిగినాది. ఒట్టి సేతుల్తో. అప్పుడు దానికి మూడో నెల, ఆ మొదటి కడుపే తరవాత పోయినాది. కడుపుతో ఉన్నదాన్ని ఆ పని సెయ్యమన్నది ఎవలూ అని అడక్కు. నానే."

"మీకు తెలీక..."

"నాకు తెలీదు. నీకు తెలుసు, ఈడికి తెలుసు. తెలిసినోలు ఇద్దరూ నోట్లో బెల్లమెట్టుకుని కూకున్నారు, తెలీని నాను అరిసినాను. రథయాత్ర ఎల్లిన మూడో దినం, ఇదుగో ఈ గుంజ దగ్గరే నిలబెట్టి అన్నాను. 'ఈసుకుపోయే ఆవు ఒకటి సాలదా నా శాలకి' అన్నాను."

"మీనాతోనా?"

"ఇంకెవలితో? సంచీలో బట్టలెట్టుకున్నాది. లచ్చిమి మెడ నిమిరినాది. ఇందాలో అన్న ఇంటికి ఎల్లిపోయినాది. ఆ అన్న ఇండస్ట్రియల్ పార్క్‌లో కాంట్రాక్టు కూలి, ఆడి ఇంట్లో ఆడి బతుకే అంతంతమాత్తరం. నన్ను కొట్టినా బాగుండును. ఆ నిమరడం ఉంది సూడు, అది పోదు."

"గిరిబాబుగారూ, మీరు అడ్డం రాలేదా అప్పుడు?"

"రానేదు మేడమ్. నిజం సెప్తే అమ్మ నన్ను కొడతాది. అది కాదు. నిజం సెప్తే... ఎల్లనీ అనుకున్నాను."

"ఎల్లనీ? ఏటిరా, ఎల్లనీ?"

"అమ్మా, దానికి మళ్ళీ నిలిసినాది. నువ్వు పంపీసరికే నిలిసినాది. ఇప్పుడు నాలుగో నెల."

"తెలుసు."

"నీకెలగ తెలుసు?"

"తెలుసురా. సమూయేలు పెళ్ళాం జెనీ ఉన్నాది కదా, ఆలదీ మీనా అన్న ఉన్న వీధే. అది సెప్పినాది. నువ్వు సెప్పు, ఎల్లనీ అని ఎందుకనుకున్నావు?"

"ఇక్కడుంటే ఈ బిడ్డ కూడా పోతాదని. అక్కడైతే ఈ ఇంటి పాలు తప్పుతాయి కదా అని."

"పాలేటి?"

"పాలే కదమ్మా."

"పాలకేటైనాది? మైథిలమ్మా, పాలకేటి?"

"రోగం పాలలో కూడా దిగుతుందత్తా. అట్ట మీద రెండో వరసలో ఉంది, శ్రావణి అక్కడిదాకా చదవలేదేమో. కాచిన పాలకి భయం లేదు. బాగా పొంగనిచ్చి తాగితే అందులో ఏమీ మిగలదు. పచ్చిపాలతోనే."

"పచ్చివంటే? సల్లారిపోయినవా?"

"కాయనివి. ఏవైనా."

"పితికినప్పుడు ఏడిగా ఉంటాయి కదా. పొదుగు ఏడి ఉంటాది కదా వాటికి. గుమ్మపాలు. నురగ సావకండా తాగేవి. అవి కూడానా?"

"అవే అత్తా. ఆ వెచ్చదనానికి అది చావదు. ఆ వెచ్చదనంలోనే బతుకుతుంది."

"పారబొయ్యమని మీనాకి సెప్పినాను మేడమ్. కారణం సెప్పకండా పారబొయ్యమంటే ఎలగ? అమ్మ ఎదురుగా నిలబడి ముక్కు మూసి తాగించేది. కడుపుతో ఉన్నోలకి గుమ్మపాలంత బలం ఇంకేదీ నేదని. రెండు కడుపులకీ అదే. రోజూ గళాసుడు. అందుకే అక్కడుండడమే మంచిదనుకున్నాను. ఈ రెండు నెలల్లో ఒక్క సుక్క ముట్టనేదు. ఈ బిడ్డ నిలబడతాది మేడమ్, కదా? రేపే తీసుకొస్తాను, పరీక్షకి. కడుపుతో ఉన్నోలకి ఇచ్చే మందు ఉంటాది కదా?"

"ఉంటుంది. ఆసుపత్రి డాక్టరు చూసి ఇస్తారు. రేపు కాదు, ఈ రాత్రికే వెళ్దాం. మీరు చెప్పలేకపోతే నేను చెబుతాను మీనాతో. నేను అప్పుడే చెప్పాల్సింది. అత్తా? ఏమైందత్తా? కూర్చోండి."

"టైమెంతయినాది?"

"ఆరు దాటింది."

"రైలుగేటు దగ్గర ఆటో ఎంతసేపు ఆగుద్ది? సవారీలెక్కించుకుంటే ఇంకాసేపు పట్టుద్ది కదా? నానే ఎక్కించుకోమన్నాను కదా?"

"అమ్మా, ఏ ఆటో?"

"సమూయేలు నెంబరు నొక్కు."

"ఎందుకమ్మా?"

"నొక్కరా! రెండు నెలలై పంపుతన్నాను. పూటా పూటా. నోటితో ఎల్లగొట్టినాను, సేత్తో పంపుతన్నాను. అత్త పంపినాదంటే అది ముట్టదని, జెనీ సేత జెనీ ఆవు పాలని సెప్పించినాను. జెనీకి ఆవెక్కడిది! మంచి బలం, కాయకు, ఏడారిపోకండా తాగీమని కూడా సెప్పించినాను. పొద్దున్న కూడా తాగినాది. ఒరే, మోగుతన్నాదా? ఎత్తడం నేదా? ఎత్తకపోతే నువ్వు సైకిలు తియ్యి. మైథిలమ్మా, నువ్వు స్కూటీ తియ్యి, నానెనకాల ఎక్కుతాను. ఆ సీసా నా కోడలి గుమ్మం దాటకూడదు. పంపింది ఈ అత్తేనని దాని ఎదట నిలబడి నాను సెప్తాను, దాచింది నువ్వేనని నువ్వు సెప్పాలిరా. ఆ తరవాత అది ఉమ్ముతాదో, ఆసుపత్రికి మనతో వస్తాదో దాని ఇష్టం. బేగి! ముందు ఆ ఆటోని ఆపండి!"