ఆ వైరు కొయ్యొద్దు

ఏయ్ సుమా, ఆ కటింగ్ ప్లేరు కింద పెట్టు. బ్యాటరీ వైరు మీద నుంచి చెయ్యి తియ్యి ముందు. కొత్తగా హ్యామ్ రేడియో లైసెన్సు వచ్చిందని ఇంటింటికీ తిరిగి అందరి సెట్ల ప్లగ్గులూ ఒకే రకానికి మారుస్తున్నావంట, నీతో మార్పించుకున్న రమణ చెప్పినాడు. అచ్చం మీ తాత ప్రభుదాసు బుద్ధే నీకొచ్చింది. కూర్చో. నువ్వు పుట్టకముందే పాయె ఆయన, నీకేం తెలుసు. మైకుసెట్టు బాడుగకిచ్చుకునే మనిషి. అది చాలక ఈ గాల్లో మాట్లాడే సెట్టు పిచ్చి. తనకు పట్టిందని ఊరుకున్నాడా, బ్యాటరీలమ్ముకునే నాకూ అంటించినాడు. అప్పుడు మన చుట్టుపక్కల ఈ సెట్లున్నోళ్ళం గుప్పెడు మందిమి. బ్యాటరీకి సెట్టు తగిలించేది మాత్రం ఎవని పద్ధతి వానిది. కొమరోలు జయపాల్ ఉట్టి తీగలు మెలేసేటోడు. అర్ధవీడు కరుణాకరం కారులో సిగరెట్టు ముట్టించే బొక్కకు పెట్టే ప్లగ్గు. ఒకని బ్యాటరీ ఇంకొకని సెట్టుకు పట్టేది కాదు. మీ తాత హైదరాబాదు పోయి ఎర్రవీ నల్లవీ ప్లగ్గు ముక్కలు సంచెడు తెచ్చినాడు. "దీంట్లో ఆడా మగా లేదు బావా, కులం గోత్రం అడగదు. ఎర్రది ఎర్రదాన్ని పట్టుకుంటది, నల్లది నల్లదాన్ని. అంతే" అని ఊరూరూ బస్సులో తిరిగి అందరికీ బిగించినాడు. నాకు తప్ప.

నా దుకాణంలో ఇంటి కరెంటుకు వాడే టూపిన్నులు డబ్బా నిండా ఉండె. అవే పెట్టుకున్నా. బ్యాటరీకి సాకెట్టు, సెట్టుకు ప్లగ్గు. తిరగబడకుండా ప్లస్సు పక్కన ఆకులో వేసుకునే సున్నం బొట్టు పెట్టుకున్నా. ఏం తక్కువైంది? "బావా, అది గోడలో కూడా పడుతుంది, ఎవరో ఒకరు పెడతారు" అనె. "నా ఇంట్లో ఎవడు పెడతాడు? నా బ్యాటరీ నా ఇంట్లోనే ఉంటది, ఎవరింటికి పోతది?" అంటి. "నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు" అని లేచిపోయె. తర్వాత మా ఇంటిది, మీ అంకాలమ్మ అవ్వ, ఇల్లు చిమ్ముతా, ప్లగ్గు కింద పడుందని తీసి గోడలో పెట్టి స్విచ్చేసె. సెట్టు కాలి బూడిద. "ప్లగ్గంటే గోడలో పెట్టేదే గదయ్యా" అంటది. ఆమె తప్పేముంది? తప్పు గోడది. మీ తాత వచ్చి చూసి, ఒక్క మాట మాట్లాడకుండా పోయినాడు. మాట్లాడి ఉంటే తిట్టుకొని ఊరుకునేవాళ్ళం. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. మాటల్లేవంటే, నాకు సెట్టు లేదు గదా, రోజూ వాళ్ళరుగు మీద కూర్చోని వింటాంటి. మీ అవ్వ కాఫీ ఇచ్చేది. ఆయన మాత్రం పలికేటోడు కాదు.

ఆ యేడు తుపాను. కరెంటు లేదు, ఫోన్లు లేవు. అర్ధవీడు కాడ ఫెబీ అని ఒకామెకు నొప్పులు. కరుణాకరం సెట్టు కూడా పెట్టుకోని ట్రాక్టరులో కంభం ఆస్పత్రికి తీస్కపోతా ఉన్నాడు. వాగు మీద పాత కల్వర్టు కొట్టుకపోయిందని అప్పుడే మీ తాతకు కబురొచ్చె. "కరుణాకరం, పాత కల్వర్టు మీద..." అన్నాడు చూడు, బ్యాటరీ అయిపాయె. రావద్దు అన్న మాట పోనేలేదు. అవతల వాడు ఏమనుకుంటాడు? ఆ దారినే రమ్మంటున్నారనుకుంటాడు గదా. నేను వానలో ఇంటికి పరిగెత్తి ఈ సాకెట్టే ఉన్న అప్పటి బ్యాటరీని నెత్తిన పెట్టుకోని పోతి. పోయినాక చూస్తే ఏముంది, నాది టూపిను సాకెట్టు, ఆయనది ఎర్రా నల్లా. తీగలు కొరికేద్దామని నోట్లో పెట్టుకున్నా. "ఆగు బావా" అన్నాడు. అంతకాలానికి అదే మొదటి మాట. బల్ల సొరుగు లాగి ఒక మూర వైరు తీసినాడు. ఒక కొసకు ఎర్రా నల్లా. ఇంకో కొసకు టూపిను ప్లగ్గు, దానికి సున్నం బొట్టు. నా బొట్టు. తగిలించినాడు, మాట్లాడినాడు, ట్రాక్టరు వెనక్కి మళ్ళింది. చుట్టుదారిన పోయి ఆస్పత్రిలో కానుపైంది, ఇద్దరూ బాగున్నారు. "ఇదెప్పుడు చేసినావు బావా?" అంటి. "నువ్వు వినవని తెలిసిన రోజు" అన్నాడు. నా మీద అంత కోపం పెట్టుకోని, కూర్చోని, టంకం పెట్టినాడు చూడు. నాకు ఏడుపొచ్చింది. తడిసిన మొహం గదా, ఎవరికీ తెలియలా.

అదిగో, ఆ మేకుకు వేలాడుతుందే, అదే. ఆయన పోయినాక మీ అవ్వ తెచ్చి ఇచ్చింది. సున్నం రాలినప్పుడల్లా మళ్ళీ పెడతా. నీ ప్లగ్గే మంచిది, నేను కాదన్నానా? ఈ సాకెట్టు కోసేస్తివనుకో, మరి ఆ వైరు దేనికి తగిలించాల?

... ఆ ప్లేరు ఇట్లియ్యి, పోయేటప్పుడు ఇస్తా. బస్సెన్నింటికి నీకు?