గడ్డం పక్కన కార్డు

చాట్స్‌వర్త్‌లో పెద్దలకు మాత్రమే అనే సినిమాలు తీసే ఓ కంపెనీ. వెనక గదిలో, నటించేవాళ్ల వయసు రుజువుల రికార్డులు చూసే వెర్నన్. ఎదురుగా, బేకర్స్‌ఫీల్డ్ నుంచి బస్సులో వచ్చిన లొరేన్.

"కూర్చోండమ్మా. మీరు నిలబడ్డంత మాత్రాన రూలు మారదుగా."

"మా అమ్మాయి సినిమా మొదట్లో మీ పేరూ అడ్రసూ వేశారు. అంతవరకే చూశాను. మిగతాది చూళ్లేదు."

"వెయ్యాలి, చట్టం. తనిఖీకొచ్చేవాళ్లు ఎక్కడికి రావాలో తెలియాలిగా. ఇన్నేళ్లూ తలుపు తీసుకుని కూర్చున్నా. ఒక్కడూ రాలేదు. మీరొచ్చారు."

"మరి చూపించండి."

"ఆఫీసర్లకైతే చూపిస్తా. తల్లులకి చూపించమని ఎక్కడా లేదమ్మా."

"నాకు సినిమా వద్దు బాబూ. షూటింగుకి ముందు కెమెరాకి గుర్తింపు కార్డు చూపించి సొంత పేరు చెప్తారటగా, అది చాలు. జోలీన్ పోయి ఏడాదైంది. దాని గొంతు నా దగ్గర ఎక్కడా లేదు. వాయిస్ మెసేజీలుండేవి, పాత ఫోనుతో పాటే పోయాయి."

"అందులో ఏముంటుందమ్మా. డ్రైవింగ్ లైసెన్సు గడ్డం పక్కన పెట్టుకుని పేరు, వయసు. అంతే."

"అంతే అయితే చూపించడానికేం?"

"కాఫీ తాగుతారా?"

"మాట మార్చకండి."

"వినకపోతేనే మంచిది. పెద్దవాణ్ణి చెప్తున్నా."

"ఏడుస్తానని భయమా? ఏడుపులన్నీ అయిపోయాయి. ఇప్పుడేం లేదు. చెయ్యి కాలినా తెలియట్లేదు. ఇక్కడందరూ దాన్ని ఏదో పెట్టుడు పేరుతో పిలిచారు. నేను పెట్టిన పేరు దాని నోట ఒక్కసారి వినాలి."

"సరే. పేరు రాగానే ఆపేస్తా."

"ఆపకండి."

"చెప్తున్నా కదమ్మా..."

"ఆపొద్దన్నాను."

తెర మీద జోలీన్. అడిగే గొంతు వెర్నన్‌ది.

"నా పేరు జోలీన్ మే ప్రూయిట్. ఇరవై ఆరేళ్లు. ఇదిగో కార్డు."

"కొంచెం పక్కకి తిప్పమ్మా, లైటు పడి మెరుస్తోంది. ఆ, చాలు. నీ ఇష్టంతోనే వచ్చావా?"

"ఆ."

"నీకేదన్నా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలి?"

"ఎవరూ లేరు. మా అమ్మ చచ్చిపోయింది."

గదిలో.

"అమ్మా... ఇంటికి ఫోన్ పోకూడదని అందరూ అలాగే చెప్తారు. మీకు తెలుస్తుందని భయం, అంతే. అమ్మా, వింటున్నారా?"

"మళ్లీ వెయ్యండి బాబూ. పేరు దగ్గర్నించి."