సూర్యుణ్ణి తరిమిన పెళ్లి

అమ్మమ్మ టీ కొట్టు దగ్గరికి చేరేసరికే ఆ మనిషి మాటల్లో పడి ఉన్నాడు. సముద్రం పడమటి వైపున్న ఊరు, బీచ్ రోడ్డుకి వెనక సందు అది. హోటళ్ళ వంటగది తలుపులన్నీ అటే తెరుచుకుంటాయి. కొట్టు ముందు రెండు బల్లలు. ఒకదాని మీద ఆటో డ్రైవరూ, డ్యూటీ దిగిన హోటల్ వాచ్‌మనూ సర్దుకుని కూర్చున్నారు. రెండోది మొత్తం ఆయనదే. ఒక కాలు పైకి మడిచి, పక్కన ఫోను, ఫోను పక్కన గ్లాసు, గ్లాసు పక్కన తాళాల గుత్తి పెట్టుకుని, ఇంకో మనిషికి చోటు లేకుండా పరుచుకుని కూర్చున్నాడు. ఆ సందులో అందరికీ ఆయన బావే.

"రండమ్మా, కూర్చోండి. తమ్ముడూ, లేచి కాస్త చోటియ్యి," అంది కొట్టు నడిపే ఆవిడ. ఆవిడ అందరికీ వదిన.

ఆటో డ్రైవరు లేవబోతే అమ్మమ్మ వద్దని చెయ్యూపింది. మోకాళ్ళు సలుపుతున్న మాట నిజమే, బస్టాపు నుంచి నడిచొచ్చింది మరి. కానీ ఆవిడ కూర్చోడానికి రాలేదు, మనిషిని చూడ్డానికి వచ్చింది. పక్కనే కుర్చీలు పేర్చి తాడుతో బిగించిన బావ చిన్న వ్యాను ఆగి ఉంటే, దానికి చెయ్యానించి నిలబడింది.

సంగతేంటంటే, ఆవిడ మనవరాలికి పెళ్లి. పోయినేడు మనవడి పెళ్లి పెద్ద హాల్లో చేశారు. వచ్చిన జనానికి లెక్కా పత్రం లేదు. అమ్మమ్మకి ఎక్కడో వెనక కుర్చీ దొరికింది. పెళ్లంతా ఫొటోలు తీసేవాళ్ళ వీపులే చూసింది. మనవడి మొహం నెల తర్వాత ఆల్బమ్‌లో చూసుకుంది. అది మనవరాలి మనసులో ముల్లులా ఉండిపోయింది. "నా పెళ్లి నువ్వు ఫొటోల్లో చూడకూడదు అమ్మమ్మా, ముందు కూర్చుని చూడాలి," అని పట్టుబట్టి, సముద్రం ఒడ్డున చిన్న పెళ్లి పెట్టుకుంది. ఇరవై ఆరుగురు, అంతే. ఇలాంటి పెళ్లి పనులన్నీ చూసుకునే మనిషి ఫలానా అని ఎవరో ఈ బావ నంబరిచ్చారు. పొద్దున ఫోన్ చేసి, సాయంత్రం మా ఇంట్లోంచి ఒకరొస్తారు, టీ కొట్టు దగ్గర ఉండండి అని చెప్పింది పిల్ల. పిల్లా, పిల్లాడూ హోటళ్ళు చూడ్డానికి పోతే, ఈ మనిషిని నేను చూసొస్తానని అమ్మమ్మ బయల్దేరింది.

ఆ వచ్చేదెవరో కార్లో దిగుతారని బావ లెక్క. హారన్ వినబడితే చాలు, మెడ అటు తిప్పుతున్నాడు. కర్ర పట్టుకుని నడిచొచ్చిన ముసలావిడ ఆయన కంటికి ఆనలేదు.

"చిన్న పెళ్లే అనుకో," అంటున్నాడు. "పాతిక మంది. పిల్ల తండ్రొచ్చి, బాబూ, సీజను, ఊళ్ళో ఒక్క గది ఖాళీ లేదు అన్నాడు. లేకపోవడమేంటండీ అన్నా. రోడ్డు చివరి హోటల్‌కి రంగులేస్తున్నారు, మూసేశారు. మేనేజరు నాకు తెలిసినవాడే. రంగు ఆరిన గదులే ఇవ్వవయ్యా అన్నా. ఇచ్చాడు."

"ఇదేదో నిజంలాగే ఉందే," అన్నాడు వాచ్‌మన్, కొంచెం కంగారుగా.

"ఉండదూ మరి! సగం గదులే ఆరాయి. అప్పుడేం చేశాననుకున్నావ్? ఊళ్ళో ఉన్న బ్యూటీ పార్లర్లన్నీ తిరిగి, జుట్టు ఆరబెట్టే మిషన్లు ఎన్నుంటే అన్నీ పట్టుకొచ్చి, గోడకొకటి పెట్టించా. టీ తాగి వచ్చేసరికి గోడలు ఫెళఫెళలాడుతున్నాయి. పెళ్లికూతురి మేనత్త ఒకావిడ పొరపాటున మధ్యలో నిలబడితే ఆవిడ జుట్టు ఈ రోజుకీ వంకీలే."

వదిన నవ్వాపుకుంటూ పాలగిన్నె కింద మంట తగ్గించింది. అమ్మమ్మకీ నవ్వొచ్చింది. కానీ తనకి కావలసిన మాట వేరే ఉంది.

"నాయనా, పెద్దవాళ్ళు కూడా వచ్చుంటారు గదా," అంది. "ఇసుకలో నడవలేని వాళ్ళ సంగతేంటి?"

బావ ఆవిడ వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ రోడ్డు చూశాడు. "మంచి మాట అడిగావు పెద్దమ్మా. పెళ్లికూతురి తాతగారున్నాడు, ఇసుకలో కాలు పెట్టలేడు. ఎత్తుకుపోదామన్నారు వాళ్ళంతా. ఛ, పెద్దమనిషిని బస్తాలా మోస్తామా? ఆయన సముద్రం దగ్గరికి పోయేదేంటి, సముద్రాన్నే ఆయన దగ్గరికి తెద్దామన్నా! అంటే కాలవ తవ్వాలి. కూలీలేమో దొరకరు, సీజను. సీజన్లో కూడా ఖాళీగా ఉండేదెవరు? ఎండ్రకాయలు! అవి తవ్వుతూనే ఉంటాయి, ఎందుకు తవ్వుతున్నాయో వాటికే తెలీదు. నేను ఒక టార్చిలైటు పట్టుకుని ఇటు తవ్వండ్రా అని దారి చూపించానంతే. తెల్లారి చూస్తే హోటల్ మెట్ల దాకా నీళ్ళు."

"ఎండ్రకాయలకి కూలి ఎంతిచ్చావ్ బావా?" అన్నాడు ఆటో డ్రైవరు.

"భోజనం పెట్టా. నడక వంకరే గాని పని సూటిగా చేస్తాయి. నీలా కాదు, మీటరు అడగవు."

ఆటో డ్రైవరు ఇంకో టీ చెప్పాడు.

"సరే, నీళ్ళొచ్చాయి గదా. ఖాళీ డ్రమ్ముల మీద చెక్కలు పరిచి, తేలే వేదిక కట్టా. తాతగారు గడప దాటినట్టు దాటి ఎక్కేశాడు. అంతా సిద్ధం. సూర్యుడు మునిగే టైముకి ఉంగరాలు మార్చుకోవాలని పిల్ల పట్టుదల, ఆ వెలుగు ఫొటోలో పడాలిట. సూర్యుడు టైముకొచ్చాడు. పిల్ల రాలేదు. మేకప్పు! ఒక కన్నయింది, రెండో కన్ను కాలేదు. ఇక్కడ చూస్తే సూర్యుడు నడుం దాకా మునిగిపోయాడు."

"ఆపేశావేంటి ఆయన్ని?" అంది వదిన.

బావ నిజంగానే నొచ్చుకున్నాడు. "చూడు వదినా, నోటికొచ్చినట్టు మాట్లాడకూడదు. సూర్యుణ్ణి ఎవడాపగలడు? అబద్ధానికైనా ఒక హద్దుండాలి. ఆయన దారిన ఆయన పోతాడు. మనమే ఆయన వెనకాల పోవాలి. మేకప్పు పిల్లతో సహా పెళ్లికూతుర్ని వేదికెక్కించి, తాడు కోసేశా. హోటల్ దుప్పట్లన్నీ కుట్టి తెరచాప. గాలి లేదు. గదుల్లో ఫ్యాన్లన్నీ ఊడదీయించి తెరచాప మీదికి తిప్పి, ఫుల్లులో పెట్టా. చూస్కో నా సామిరంగా, బాణంలా పోయింది!"

"నడి సముద్రంలో ఫ్యాన్లకి కరెంటెక్కడిది?"

"అడుగుతావని తెలుసు. ఎక్స్‌టెన్షన్ బాక్సులు! ఊళ్ళో ఉన్నవన్నీ పోగేసి ఒకదాని వెనక ఒకటి గుచ్చుకుంటూ పోయా. ఆ రోజు ఈ ఊళ్ళో ఒక్క ఇంట్లో ఇస్త్రీ జరగలేదు, కావాలంటే కనుక్కో."

"ఆ రోజెందుకు, మా ఇంట్లో ఏ రోజూ జరగదు," అన్నాడు వాచ్‌మన్.

"మరదే! నా మాటకి సాక్ష్యం దొరికినట్టేగా."

"అంత జోరు మీద పోతుంటే ఊగదా నాయనా?" అంది అమ్మమ్మ. "తాతగారు భయపడలేదూ?"

"ఊగడమా! చేతిలో నిండు గ్లాసుంటే చుక్క తొణకలేదు పెద్దమ్మా," అని చెయ్యి విసిరాడు బావ. ఆయన గ్లాసు తొణికి, టీ ఫోను మీద పడింది. చొక్కా అంచుతో తుడుచుకుంటూనే కథ సాగించాడు. "మేం ఎంత పోతే సూర్యుడు అంతే ఉన్నాడు. సగం పైన, సగం లోపల. ఫొటోలాయన తీసీ తీసీ విసుగొచ్చి కునుకు తీశాడు. పిల్ల తీరిగ్గా రెండో కన్ను చేయించుకుని, ఒకసారి తుడిపేసి మళ్ళీ చేయించుకుంది. ఉంగరాలు మార్చుకున్నారు. అందరం చప్పట్లు కొట్టాం. అసలు గమ్మత్తు ఆ తర్వాత జరిగింది, విను. పడమటికి పోతుంటే గడియారం వెనక్కి తిప్పుకోవాలంటారు చూశావా? తిప్పుకుంటూ, తిప్పుకుంటూ ఎంత దూరం పోయామంటే, నిన్నటికి వెళ్ళిపోయాం."

"నిన్నటికా!" అన్నాడు ఆటో డ్రైవరు.

"నిన్నటికే. కాబట్టి పెళ్లి ఎప్పుడు జరిగినట్టు? ముందు రోజు! పిలవని చుట్టాలంతా, చిన్న పెళ్లి ఏంటి, చూస్తాం, అని పెట్టెలు సర్దుకుని మర్నాడు దిగారు. నిన్ననే అయిపోయిందండీ, అన్నా. నోరెత్తితే ఒట్టు! చిన్న పెళ్లి చెయ్యడమంటే జనాన్ని పిలవకపోవడం కాదయ్యా, పిలవనివాళ్ళకి అందకపోవడం."

"ఈయన మాటలు కోటలు దాటతాయి, కాలు మాత్రం నా కొట్టు దాటదు," అంది వదిన.

ఇంక ఇక్కడ పనిలేదు, పోదాం అనుకుంది అమ్మమ్మ. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఈయన చేతిలో పెడితే పిల్ల పెళ్లి నవ్వులపాలవుతుంది. తనకి మళ్ళీ వీపులే గతి. అయినా ఇంత దూరం వచ్చి, అడగాల్సిన మాట అడక్కుండా పోవడమెందుకు?

"అంతా బాగుంది నాయనా," అంది. "ఆ పెద్దవాళ్ళు ఎక్కడ కూర్చున్నారు?"

బావ మడిచిన కాలు మార్చుకుని, గుండె మీద చెయ్యేసుకున్నాడు. "అక్కడికే వస్తున్నా! కుర్చీ అంటే నా ప్రాణం. నేను చేసే పెళ్లిలో మనిషి కుర్చీ కోసం వెతుక్కోడు, కుర్చీయే మనిషిని వెతుక్కుంటుంది. అట్లా తర్ఫీదిచ్చా. తాతగారు లేస్తే వెనకాలే కుర్చీ లేచేది. ఆయన నాలుగడుగులేస్తే అదీ నాలుగడుగులేసేది. ఆయన ఆగాడంటే, మోకాలి వెనక మెత్తగా తగిలి కూర్చోమనేది. ఎందుకంటావా పెద్దమ్మా? వయసైన మనిషి ఒక్క నిమిషం నా కళ్ళ ముందు నిలబడితే ఆ పూట నాకు అన్నం సయించదు. ఏం చేస్తాం, నా పుట్టుకే అలాంటిది."

వదిన చేతిలో గరిటె ఆగిపోయింది. ఆటో డ్రైవరు తల దించుకున్నాడు.

"అలాగా," అంది అమ్మమ్మ. "నేనొచ్చాకే నీ పాతిక మందీ సముద్రం దాటి, నిన్నటికి పోయి, తిరిగి కూడా వచ్చారు. ఇంతసేపూ నేను నిలబడే ఉన్నాను నాయనా, నీ కుర్చీల బండికే చెయ్యానించి. ఒక్క కుర్చీ అయినా దిగి రాలేదే?"

వాచ్‌మన్‌కి టీ పొలమారింది. దగ్గుతున్నాడో నవ్వుతున్నాడో తెలీకుండా వంగిపోయాడు.

"పొద్దున మా మనవరాలు నీకు ఫోన్ చేసింది. ఇంట్లోంచి ఒకరొస్తారంది గదా, ఆ ఒకరిని నేనే."

బావ కాలు బల్ల మీద నుంచి దానంతటదే కిందికి దిగింది. ఒక్క అంగలో వ్యాను దగ్గరికొచ్చి, తాడు ముడి విప్పాడు. మొదటి కుర్చీ కాలు చీలి ఉంది, పక్కన పెట్టేశాడు. రెండోదాని మీద తనే కూర్చుని, అటూ ఇటూ ఊగి చూసి, చొక్కాతో తుడిచాడు. నేల ఎగుడుదిగుడుగా ఉందని ఒక కాలి కింద పలక రాయి పెట్టి, ఇంకోసారి ఊపి చూశాడు.

"కూర్చోండి అమ్మగారూ," అన్నాడు. గొంతు సగానికి తగ్గింది.

అమ్మమ్మ కూర్చుంది. కుర్చీ కదల్లేదు. మోకాళ్ళు హమ్మయ్య అన్నాయి.

"పెళ్లిళ్ళు చెయ్యలేదమ్మా ఈయన, కుర్చీలు అద్దెకిస్తాడు," అంది వదిన, గ్లాసు అందిస్తూ. "కుర్చీలు మాత్రం మంచివే. ఆ మాట చెప్పాలి."

అమ్మమ్మ రెండు గుక్కలు తాగింది. "ఇప్పుడు చెప్పు. మా పిల్ల పెళ్లికి నా కుర్చీ ఎక్కడ వేస్తావు?"

వాచ్‌మన్ ఎండ్రకాయల కోసం ఎదురుచూశాడు.

"ముందు వరసలోనండి," అన్నాడు బావ. "ఇసుక మీద చెక్క పరిచి వేస్తా. లేకపోతే కాళ్ళు దిగబడిపోతాయండి. రోడ్డు నుంచి అక్కడి దాకా కూడా చెక్కలే పరుస్తా, మీరు నడిచి రావడానికి."

"ఫొటోలవాళ్ళు అడ్డమొస్తే?"

"పక్కకి జరగమంటానండి."

"అంతేనా?"

"అంతేనండి."

"అయితే ఇరవై ఆరు కుర్చీలు పంపు. ఒక్కటి కూడా ఎక్కువ తేవద్దు. నీ సూర్యుడూ, నీ ఫ్యాన్లూ నీ దగ్గరే ఉంచుకో, పెళ్లి పిల్లలే చూసుకుంటారు."

ఆటో డ్రైవరు ఇంక ఉండబట్టలేకపోయాడు. "మరి బావా, అమ్మగారు లేచినప్పుడల్లా కుర్చీ వెనకాలే నడిచొస్తుందా?"

బావ నోరు తెరిచాడు. పాపం, అలవాటైన నోరు. కానీ అమ్మమ్మే ముందు అందుకుంది.

"దానికా శ్రమ ఎందుకులే నాయనా," అంది, కుర్చీలో ఇంకాస్త వెనక్కి సర్దుకుని. "ఆ రోజు నేను లేస్తేగా!"