చిలక పలుకు

చోడవరానికి కొత్తగా వచ్చిన ఇంటర్నెట్ సెంటర్లో ఉన్నది ఒక్కటే కంప్యూటరు. దాని ముందు కాన్వెంటు టీచరమ్మ కుదురుగా కూర్చోలేకపోతోంది. రేపు విశాఖలో ఇంటర్వ్యూ. ఎక్కడో, ఎన్నింటికో వాళ్ళు పంపిన మెయిల్లోనే ఉంది.

"మళ్ళీ తప్పంటోందండీ! నా పాస్‌వర్డు చిలకే. సి, హెచ్చే కొట్టాను."

"ఆగండి టీచరుగారూ. ఇంకొక్కసారి తప్పితే రేపటిదాకా తెరవనివ్వదు," అన్నాడు సెంటరు నడిపే అతను.

"మెయిల్ ఐడీ చేసిన రోజు పాస్‌వర్డు కొట్టింది మీరేగా?"

"మీరేటి సెప్పేరో అదే కొట్టేను."

"చిలక అనే చెప్పాను. పొద్దున క్లాసులో ‘సిలక’ అన్నందుకు ఓ పిల్లని బెంచీ ఎక్కించాను కూడా!"

బయట దేవరాపల్లి బస్సు హారను మోగింది. ఆమె ఊరికి అదే ఆఖరి బస్సు.

"బాబ్బాబు, బేగి సూడండి! బస్సెలిపోతంది, నానేటి సేసేది?" అని, "అదే... నేనేం చేసేది?" అని దిద్దుకుంది.

అతను ఆమెకేసి ఓసారి చూసి, కీబోర్డు తనవైపు లాక్కున్నాడు.

"ఆ రోజూ ఇలాగే కంగారు పడ్డారు, టీచరుగారూ."

సి, హెచ్ వదిలేసి ఎస్‌తో మొదలుపెట్టి కొట్టాడు. తెర మీద ఉత్తరాల వరస కనబడింది.

"తెరుసుకుంది!" అందామె.

ఈసారి దిద్దుకోలేదు.