బోరు నీళ్లు

నల్లగొండలో ఆ ఇంటి ముందుగదిలో ఉప్పునీళ్ల అద్దాలపెట్టె ముందు కోడలు గొంతుక్కూర్చుంది. అందులో తను పెంచుతున్న, పొద్దున పువ్వుల్లా విచ్చుకుని ఉన్న పగడపు జీవాలన్నీ ముడుచుకుపోయాయి. గోడ పట్టుకుని అత్త వెనకాలే నిలబడి ఉంది.

"అత్తమ్మా, ఇండ్ల నీళ్లేమన్న పోసినవా?"

"తగ్గినయని బిందెడు పోసిన బిడ్డా. ఎండలు గట్లున్నయి."

"ఏ నీళ్లు?"

"బోరువి."

"అయ్యో! బోరు నీళ్లు పగడాలకు పడవు, సస్తయి! డబ్బాల ఫిల్టర్ నీళ్లు పెట్టిన గద?"

"గవి సరిపోతలేవని నువ్వే అంటివి. అందుకే నేను ముడుతలేను."

కోడలు పెట్టెలో పైపు వేసి నీళ్లు బకెట్లోకి వదిలింది.

"ముడుతలేనంటే?"

"తాగెతందుకు సుత ముంచుకుంటలేను."

"మరి ఏం తాగుతున్నవ్?"

"బోరువే."

"ఎప్పటి సంది?"

"గీ పెట్టె వచ్చినకాడి నుంచి."

వంకర తిరిగిన అత్త మోకాళ్లను కోడలు కళ్లెత్తి చూసింది.

"గా ఫ్లోరైడ్ నీళ్లతోనే గద నీ బొక్కలు వంగినయి! ఇగ తాగొద్దని దవాఖానల చెప్పలేదా? నన్నెందుకు అడగలె?"

"నువ్వు వీటికి గంత ఫికర్ పడుతుంటివి. నడుమ నేనేమడుగుదు?"

కోడలు పైపు వదిలేసి లేచింది. డబ్బా మూత తీసి, చెంబు నిండా ముంచి అత్త చేతిలో పెట్టింది.

"ముందుగాల నువ్వు తాగు."

"అవి సస్తయేమో బిడ్డా, జర జల్ది చూడు."

"తాగు అత్తమ్మా."

అత్త చెంబు దించేదాకా కోడలు పెట్టె వైపు తిరిగి చూడలేదు.